సరిచూసుకున్న ఊపిరి

నోట్లోంచి మాట రావడమే గగనం, వచ్చినా పిట్ట గొంతే కాబట్టి ఆ వైద్య విద్యార్థినికి తోటివాళ్లు 'పిచ్చుక' అని పేరు పెట్టారు. పిల్లల వార్డులో ఆమెకది మొదటి వారం. పుస్తకంలో బట్టీ పట్టినదేదీ మంచం పక్కన నిలబడితే గుర్తుకొచ్చేది కాదు. అందుకే కాలేజీవాళ్ల యాప్‌లోంచి పాఠాల వీడియోలు ఫోనులోకి దించుకుంది. ఏ బిడ్డను చూసినా ఒకసారి వాటితో సరిచూసుకునేది.

ఆ ఉదయం కిటికీ పక్క మంచం మీద, దగ్గుతో చేరిన ఏడాది పిల్లవాడి చొక్కా పైకెత్తి చూసింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద డొక్క లోపలికి గుంజుకుపోతున్నట్టు అనిపించింది. అవునా, కాదా? ఫోను తీసింది. ఊపిరందని పిల్లల వీడియో చూసింది, బిడ్డను చూసింది, మళ్లీ వీడియో చూసింది.

పిల్లవాడి నాయనమ్మకు ఒళ్లు మండింది.

"ఏమ్మా, మావాడు ఆయాసపడుతుంటే నీకు ఫోనులో సినిమాలా? చోద్యం కాకపోతే! పిలువు మీ పెద్ద డాక్టరమ్మని!"

పిలవక్కర్లేకపోయింది. ఆ కేకకు ప్రొఫెసరమ్మే వచ్చేసింది. వార్డులో ఫోను కనిపిస్తే గిట్టని మనిషి. ఇవాళ్టితో తన చదువు గంగలో కలిసినట్టే అనుకుంది పిచ్చుక.

"ఏం చూస్తున్నావు?"

పిచ్చుక ఫోను చేతికిచ్చి, బిడ్డ ఛాతీ వైపు వేలు చూపించింది.

"నోటితో చెప్పు."

"మేడమ్... వీడియోలో బాబుకీ, ఈ బాబుకీ ఒకేలా గుంజుతోందండి. ఇందాక రౌండ్స్‌లో ఇలా లేదు. నేనే పొరబడుతున్నానేమోనని..."

ఆవిడ ఫోను వైపు చూడలేదు. బిడ్డ మీదికి వంగి, కాసేపు ఊపిరి గమనించింది. అంతే, "సిస్టర్, ఆక్సిజన్ పెట్టండి" అంది గట్టిగా.

ముక్కు దగ్గర గొట్టం పెట్టేసరికి పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. నాయనమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది. మెల్లగా ఏడుపు తగ్గింది, ఆయాసం తగ్గింది. మందులు పడ్డాక పిల్లవాడు ఆదమరచి నిద్రపోయాడు.

ప్రొఫెసరమ్మ ఫోను తిరిగిచ్చింది.

"సరిగ్గానే పట్టుకున్నావు. కానీ అనుమానం వచ్చిన మరుక్షణం నన్ను పిలవాలి. వీడియో ఎక్కడికీ పారిపోదు, బిడ్డకి అంత ఓపిక ఉండదు. ఇంకోటి, ఫోను తీసేముందు ఎందుకో ఇంటివాళ్లకి చెప్పు. వాళ్ల కంగారు వాళ్లది."

"అలాగేనండి" అంది పిచ్చుక. గుండెల మీంచి బండ దించినట్టయింది.

మధ్యాహ్నం నాయనమ్మే పిలిచింది. "ఏదీ, ఆ వీడియో నాకూ చూపించమ్మా." కళ్లు చికిలించి చూసి, మనవడి చొక్కా ఎత్తింది. "మావాడికి ఇప్పుడలా లేదుగా?"

"లేదండీ మామ్మగారూ. చూడండి, ఎంత హాయిగా పీలుస్తున్నాడో."

"వాడి కోసమే చూస్తున్నానని పొద్దున్నే అనకపోయావా తల్లీ! ఊరికే నోరు పారేసుకున్నాను."

పిచ్చుకకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటే ఆకలి కూడా. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. కాంటీన్‌కి పరిగెత్తి, ప్లేటులో ఏం పెట్టారో కూడా చూడకుండా తినేసి, ఇంకోసారి పెట్టమంది.