ఎడమ స్పీకరులో ఊపిరి

జయమణి ముందు స్పీకరుకి పాత చీర చుట్టింది. దాని మీద పాలిథిన్ కవరు తొడిగి అడుగుదాకా టేపు వేసింది. పెట్టె వెనక గాలి పోయే రంధ్రంలో గుడ్డ కుక్కింది. ప్లగ్గు పీకింది. రెండు స్పీకర్లకీ అలా చేశాకగానీ టైల్సు వేసే సాంబయ్యని హాల్లోకి రానివ్వలేదు.

"పసిపిల్లల్ని కూడా ఇట్టా చుట్టరమ్మా," అన్నాడు సాంబయ్య, కోసే మిషను కింద పెడుతూ.

"పిల్లలైతే ఏడుస్తారు, తెలుస్తది. ఇవి చెప్పవు. దుమ్ము పడిందంటే పోయినట్టే."

ఇల్లు జగ్గయ్యపేటలో, వేదాద్రి వెళ్ళే రోడ్డు పక్కన. వచ్చే ఆదివారం ఆ హాల్లోనే ఆమె భర్త కృపారావు జ్ఞాపకార్థ కూడిక. మనిషి పోయి ఏడాది. గచ్చు పెళ్ళలు లేచిపోయింది, పాస్టరుగారు వచ్చే ఇల్లు ఇలా ఉంటే పరువేం కాను అని మరిది ఆశీర్వాదం గచ్చు తవ్వించి టైల్సు దింపించాడు. స్పీకర్లని పక్కింట్లో పెట్టమని కూడా అన్నాడు. జయమణి ఒప్పుకోలేదు. ఎడమ స్పీకరులో కృపారావు ఉన్నాడు. ఉన్నవాణ్ణి పక్కింటికి పంపుతారా?

ఇదేం పిచ్చి అనుకోవద్దు. ఆమె చెవులారా వింటోంది.

కృపారావు ఊరి బయట రాళ్ళ క్రషర్లో పనిచేశాడు. మీసాలు మొలిచిన దగ్గర్నుంచి మంచం పట్టేదాకా అదే పని. ఈ పెట్టెలు అతను స్వయంగా చెక్క కోసి బిగించినవి. డ్యూటీ దిగి, చొక్కా విప్పకుండా, ఒంటి నిండా తెల్ల దుమ్ముతోనే ఎడమ స్పీకరుకి చెవి ఆనించి పాటలు వినేవాడు. ఆఖర్న ఊపిరి తీస్తే లోపల గరుకు కాగితం రుద్దినట్టు చప్పుడయ్యేది. ఊపిరితిత్తుల్లో రాతిపొడి అన్నాడు డాక్టరు. బీడీలు అన్నారు క్రషర్ వాళ్ళు. కృపారావు జన్మలో బీడీ ముట్టలేదు. ఆ సంగతి వాళ్ళ మొహాన ఎవరూ అనలేదు. జయమణీ అనలేదు. ఏడవడంతోనే సరిపోయింది.

సమాధి చేసి వచ్చాక ఒక సాయంత్రం పాట పెట్టింది. పాట నెమ్మదించిన చోట ఎడమ స్పీకరులోంచి అదే ఊపిరి. గర్రుమని, ఆగి, మళ్ళీ గర్రుమని. నందిగామ నుంచి మెకానిక్కు డేవిడ్‌రాజు వచ్చి చూశాడు.

"ముందు వైపు గుడ్డ చిరిగిందక్కా. కాయిల్లో రాతిపొడి పడి గీసుకుంటోంది. విప్పి శుభ్రం చేస్తా."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా," అంది జయమణి.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం వింటోంది. ఇప్పుడీ టైల్సు దుమ్ము కూడా చేరితే కాయిలు మొత్తం పట్టేస్తుంది. ఆ ఊపిరి కూడా ఆగిపోతుంది. ఆమె భయమంతా అదే.

మిషను మొదలైంది. పళ్ళు జివ్వుమనే చప్పుడు. వంటింట్లో ఉన్న జయమణి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి మిషను ఆగింది.

ఆ నిశ్శబ్దంలో ఊపిరి వినబడింది.

చేతిలో గరిటె అక్కడే పడేసి హాల్లోకి వచ్చింది. గది నిండా తెల్ల పొగ. గోడ దగ్గర రెండు పెట్టెలూ ముసుగేసుకున్న మనుషుల్లా నిలబడి ఉన్నాయి. పీకిన ప్లగ్గు నేల మీద అలాగే ఉంది. అయినా ఊపిరి వస్తోంది. గర్రుమని, ఆగి, గర్రుమని. మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ స్పీకరు కవరుకి చెవి ఆనించింది. లోపల ఏమీ లేదు.

ఊపిరి ఆమె వెనక ఉంది.

తిరిగి చూసింది. ఎదుటి గోడకి ఆనుకుని ఒక మనిషి. జుట్టు తెలుపు, కనుబొమలు తెలుపు, రెప్పలు తెలుపు. డ్యూటీ దిగి వచ్చినట్టే ఉన్నాడు.

"వచ్చావా," అంది జయమణి.

"ఎక్కడికి పోయానమ్మా రావడానికి? ఇక్కడే ఉన్నాగా." సాంబయ్య నవ్వబోయి దగ్గాడు. "కాసిని మంచినీళ్ళు ఇప్పించండి."

ఆమె కదల్లేదు. "ఎన్నాళ్ళుగా ఉందయ్యా ఈ ఆయాసం?"

"గుర్తులేదు. మా పనిలో అందరికీ ఉండేదే. పొద్దున లేవంగానే కాస్త ఎక్కువ."

"మూతికి గుడ్డన్నా కట్టుకోవచ్చుగా."

"ఎవరన్నా ఇస్తే కట్టుకుంటా." గోడ దగ్గర పెట్టెల వంక చూశాడు. "ఆటికి కట్టారుగా, చాల్లెండి."

ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అన్నాడు. జయమణికి చెంప మీద కొట్టినట్టయింది. నీళ్ళు తెచ్చిచ్చి, మిషను తీగ తనే పీకేసింది.

సాయంత్రం వచ్చిన ఆశీర్వాదం నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"పనెందుకు ఆపావు వదినా?"

"ఇంట్లో పొడి కోత కోయడానికి వీల్లేదు. పెరట్లో, నీళ్ళు పోస్తా కొయ్యాలి."

"నీళ్ళు పోస్తా కోస్తే పని రెండింతలవుతది. ఆదివారానికి సగం హాలు కూడా కాదు."

"కాకపోతే కాదు."

"పాస్టరుగారు ఎక్కడ కూర్చుంటారు, మట్టిలోనా?"

"మీ అన్నని మట్టిలోనే పెట్టాంగా. ఆయనా కూర్చుంటారు."

 ఆమె డేవిడ్‌రాజుకి ఫోన్ చేసి, వచ్చి స్పీకరు విప్పమంది.

శనివారం డేవిడ్‌రాజు ఎడమ స్పీకరు కోను విప్పి, కాగితం మీద వంచి తట్టాడు. బూడిదరంగు పొడి రాలింది. మెత్తగా, పిండిలా. ఇంతకాలం ఆమె చెవి ఆనించి విన్నది దీన్నే.

"అన్న సమాధి దగ్గర పెడదాం వదినా," అన్నాడు ఆశీర్వాదం మెల్లగా.

"ఇది మీ అన్న కాదు. మీ అన్నని తిన్నది."

డేవిడ్‌రాజు పాట పెట్టి చూపించాడు. ఎడమ స్పీకరు శుభ్రంగా పలికింది. పాట నెమ్మదించిన చోట నిశ్శబ్దం తప్ప ఏమీ లేదు. జయమణి వంటింట్లోకి పోయి కుళాయి విప్పుకుని ఏడ్చింది. ఈసారి నిజంగానే పోయాడు.

ఆదివారం సగం టైల్సు, సగం మట్టి ఉన్న హాల్లో చాపలు పరిచారు. కృపారావుతో క్రషర్లో పనిచేసిన వాళ్ళంతా వచ్చారు. సాంబయ్య గుమ్మం దగ్గర కూర్చున్నాడు. స్పీకర్లలో పాట అయింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

మాటకీ మాటకీ మధ్య ఆయన ఆగినప్పుడు, గర్రుమంది.

జయమణి కళ్ళు తెరిచింది. గుమ్మం వైపు చూసింది. సాంబయ్య కాదు, చప్పుడు కిటికీ వైపు నుంచి వచ్చింది. మళ్ళీ వచ్చింది, ఈసారి ముందు వరసలోంచి. తర్వాత తలుపు పక్కనుంచి. ఆ గదిలో ఒకడు వదిలిన ఊపిరి ఇంకొకడు అందుకుంటున్నట్టుంది.

ఆమె లేచి నిలబడింది.

"అమ్మా, ఇంకా ఆమేన్ అనలేదు," అన్నారు పాస్టరుగారు.

"తర్వాత అనండి అయ్యగారూ."

చాపల మధ్యకి నడిచి, కిటికీ దగ్గర కూర్చున్న మొదటి మనిషి ముందు మోకరించి, అతని గుండెకి చెవి ఆనించింది.

"ఊపిరి తియ్యి," అంది.