ఉత్త నీళ్ల ట్యూబు

ఈ ఉదయం నా కుడి అరచేతిలోని సూక్ష్మజీవులు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాయి. చెప్పాపెట్టకుండా ఏం పోలేదు; చూపుడువేలు మొదట్లో టులెట్ బోర్డు పెట్టి మరీ వెళ్లాయి.

నేను పనిచేసే ల్యాబులో చెయ్యి, మట్టి, నీళ్లు, ఏదైనా సరే దూదిపుల్లతో అద్ది, ఆ తడిలోని డీఎన్‌ఏ చదివి, అక్కడ ఏయే సూక్ష్మజీవులు కాపురం ఉంటున్నాయో చెబుతాం. నా చేతిని నేనే అద్ది యంత్రంలో పెడతాను. తెర తెల్లగా ఉంది. మా పై అధికారి మందాకిని మేడమ్ కళ్లజోడు సర్దుకుని, ఇంత శుభ్రమైన ఖాళీ ఈమధ్య దొరకడం లేదని మెచ్చుకుంటారు. ఇవాళ ఉత్త నీళ్ల ట్యూబు బదులు నన్నే కూర్చోమంటారు.

ఉత్త నీళ్ల ట్యూబు పెట్టడం మా పద్ధతి. ప్రతిసారీ శాంపిళ్లతో పాటు ఒక ట్యూబులో ఉత్త నీళ్లు పెడతాం. అందులో ఏం కనిపించినా మా చేతుల మురికే అనుకుని, మిగతా శాంపిళ్లన్నిటిలోంచీ దాన్ని కొట్టేస్తాం.

ఇవాళ్టి శాంపిళ్లలో మా వీధి తలుపు గొళ్లెం మీద అద్దిన దూదిపుల్ల కూడా ఉంది. నా భార్య సువర్చల పోయినప్పటి నుంచి ఆ గొళ్లేన్ని నేను పట్టుకోలేదు. ఆమె చేతి సూక్ష్మజీవులు అరిగిపోతాయని పెరటి తలుపులోంచే తిరుగుతున్నాను. అవి ఇంకా అక్కడే ఉన్నాయని యంత్రం ఒక్కసారి చెబితే చాలు నాకు.

"నా ఎడమచేతిలో ఆవిడ ఇంకా ఉందండీ," అంటాను.

"అయితే ఖాళీ చేయించండి. మీలో కనిపిస్తే గొళ్లెం మీద కూడా తీసెయ్యాలి కదా," అంటారు మేడమ్. న్యాయమే.

ఎడమ అరచేతిని నోటి దగ్గర పెట్టుకుని సంగతి చెబుతాను. లోపల గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు. వెళ్తూ వెళ్తూ మణికట్టు దగ్గర ఆగి, సువర్చల గొంతుతో, "వీధి తలుపు అప్పుడప్పుడైనా తియ్యండి, బిగుసుకుపోతుంది," అంటాయి. నాకు ఏడుపొస్తోంది. కన్నీళ్లు పడితే శాంపిల్ పాడవుతుందని ఆపుకుంటాను.

ట్యూబుల స్టాండులో ఆఖరి రంధ్రంలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటాను. పక్క ట్యూబులో కాలవ నీళ్లు. లక్షల ప్రాణాలు, ఒకటే సందడి. నన్నెవరూ పలకరించరు. యంత్రం నన్ను చదివి, ఏమీ లేదంటుంది. గొళ్లెం మీద సువర్చల నిండుగా ఉందంటుంది. మేడమ్ నా భుజం తట్టబోయి, చేతికి గ్లవుజు లేదని మానుకుంటారు.

చాన్నాళ్లకు వీధి వైపు నుంచి ఇంటికి వస్తాను. గొళ్లెం ఉండాల్సిన చోట సువర్చల చెయ్యి ఉంది, తలుపు చెక్కలోంచి మోచేతి దాకా, గాజులతో సహా. నేను రెండు అరచేతులూ చాపుతాను. ఆ చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి నా కుడి అరచేతిని తాకుతుంది. గుర్తుపట్టక, వేళ్ల కణుపులతో మెల్లగా తడుతుంది. కాసేపు ఆగి, మళ్లీ తడుతుంది.

నా అరచేతి లోపల తలుపు తీసేవాళ్లు ఎవరూ లేరు.