ఓడ ఎక్కని వెండెల్

వెండెల్‌ను ట్యాంకులోంచి పైకి తీసినప్పుడు వాడి కాళ్లకు నా చెప్పులున్నాయి.

కెప్టెన్ బెలార్మినో ఇంటి వెనక, నేల కింద కట్టిన నీళ్ల ట్యాంకు అది. తుపానుకు బురద చేరితే కడగమని వెండెల్‌నూ ఫెర్మిన్‌నూ పంపారు. నీళ్లు తోడే ఇంజనుకు పైపు పొట్టిగా ఉందని, ఇంజనునే లోపలికి దించమన్నాడు కెప్టెన్. ఫెర్మిన్ బకెట్ల కోసం వెళ్లి వచ్చేసరికి ఇంజను ఆడుతోంది. పిలిస్తే వెండెల్ పలకలేదు. ముందు వాకిట్లో కెప్టెన్ కుక్కలకు స్నానం చేయిస్తున్న మేం అరుపులు విని పరుగెత్తాం. అప్పటికే లోపల కమ్ముకున్న పొగ వాడి ప్రాణం తీసింది.

మేం మనీలాలో ఓడ చదువు చదివే విద్యార్థులం. ఏడాది ఓడ మీద పనిచేస్తేగాని డిగ్రీ చేతికి రాదు. "ఓడ మీరే వెతుక్కోండి" అంటుంది కాలేజీ. "ముందు మా దగ్గర చెయ్యండి, తర్వాత చూద్దాం" అంటుంది ఓడలకు మనుషుల్ని పంపే, కెప్టెన్ నడిపే ఏజెన్సీ. ఆ చూద్దాం కోసం ఆఫీసు ఊడ్చాం, కాఫీలు కలిపాం, కెప్టెన్ కారు తుడిచాం. జీతం లేదు. మధ్యాహ్నం అన్నం, ఎండుచేప పెట్టేవారు.

వెండెల్ పోయిన మర్నాడు కెప్టెన్ గదిలోంచి అలవాటుగా కేకేశాడు.

"వెండెల్! కాఫీ!"

ఎవరూ కదల్లేదు. ఆయన మళ్లీ పిలవలేదు. ఆ కేక మాత్రం ఆ గోడల మధ్యే ఉండిపోయింది. కప్పులు కడుగుతుంటే వినిపించేది. మా అద్దెగదిలో వాడి తెల్ల యూనిఫారం ఇస్త్రీ మడతలతో మేకుకు వేలాడుతోంది. ఫ్యాను వేస్తే దాని చేతులు కదిలేవి. మేం ఫ్యాను వేయడం మానేశాం.

"అతను మా ఉద్యోగి కాదు" అంది ఏజెన్సీ. "ఈ సెమిస్టరులో మా విద్యార్థి కాదు" అంది కాలేజీ.

గిమరాస్ దీవి నుంచి వెండెల్ వాళ్లమ్మ పసీటా వచ్చింది. ఏజెన్సీ మెట్ల దగ్గర మమ్మల్ని ఆపింది.

"వాడి ఓడ ఏ రేవులో ఉంది నాయనా? ఓడలోవాళ్లని ఒక్కసారి చూసిపోతా. సముద్రం నెమ్మదిగా ఉందమ్మా, బాగా తింటున్నానమ్మా అని ఫోన్లో చెప్పేవాడు."

మా ఇళ్లల్లో కూడా మేం ఓడల మీదే ఉన్నాం.

మాలో పెద్దవాడు ఫెర్మిన్ మెట్ల మీద కూలబడ్డాడు.

"వాడు ఓడ ఎక్కలేదమ్మా. మేమెవ్వరం ఎక్కలేదు. ఇక్కడ పాచిపని చేస్తున్నాం. వాడు పోయింది కెప్టెన్ ఇంటి నీళ్ల ట్యాంకులో, దాన్ని కడుగుతూ. ఇంజను వాడంతట వాడే దించుకున్నాడని పోలీసులకు చెప్పమన్నాడు కెప్టెన్. చెబితే నాకు ఓడ ఇప్పిస్తాడంట."

"నువ్వేమన్నావు?" మాతో పనిచేసే అమాడో వాడి కాలరు పట్టుకున్నాడు.

"ఆలోచిస్తానన్నా."

"సిగ్గులేదట్రా?"

"నిన్నడిగితే నువ్వు ఆలోచించవా? నా కోసం మా చెల్లి చదువు మానేసిందిరా!"

పసీటా ఇద్దరి మధ్యకూ వచ్చింది. "నువ్వు ఓడ ఎక్కు నాయనా, వద్దనను. నీ తర్వాత ఆ ట్యాంకులోకి ఎవర్ని దించుతారు?"

అమాడో చెయ్యి వదిలేశాడు. ఫెర్మిన్ లేచి ఆఫీసు తలుపు బార్లా తీశాడు.

"కెప్టెన్! మీరు దించమంటేనే దించాం. పోలీసులకు అదే చెబుతా!"

మెడలోని ఏజెన్సీ కార్డు తెంచి లోపలికి విసిరాడు. మేమూ విసిరాం. తలుపుకు అడ్డంగా కూర్చున్నాం.

కెప్టెన్ ఊగిపోతూ వచ్చాడు. "మీ పేర్లు అన్ని ఏజెన్సీలకూ పంపిస్తా. ఒక్కడూ ఓడ ఎక్కలేడు! రేపు మీ చోట్లోకి వందమంది వస్తారు!"

"రానివ్వండి సార్. వాళ్లకీ చెబుతాం," అన్నాడు ఫెర్మిన్.

కెప్టెన్ పిలిపించిన పోలీసులు మమ్మల్ని ఈడ్చి వ్యాన్లో పడేశారు. కానీ వ్యాను కదల్లేదు. వీధి పొడవునా ఏజెన్సీలే. వాటిల్లో నేలలు తుడుస్తున్న విద్యార్థులు బయటికొచ్చారు, కొందరి చేతుల్లో చీపుళ్లు కూడా అలాగే ఉన్నాయి. వచ్చి వ్యాను ముందు కూర్చున్నారు.

"లేవండి! దారి వదలండి!" పోలీసు అరిచాడు.

"ముందు వాళ్లని వదలండి సార్," అంది ముందు వరసలోని అమ్మాయి.

ఆమె పక్కనున్నవాళ్లు ఇంకా దగ్గరికి జరిగారు. వీధి చివరి నుంచి వస్తున్నవాళ్లకు చోటు కావాలి.