ఆరు రోజుల అబద్ధం

నిన్ను నమ్మిన మనిషికి ఎప్పుడైనా అబద్ధం చెప్పావా అని అడిగితే అనిక "నో" అంది. ఎదురుగా కూర్చున్న అధికారి కంప్యూటర్‌లో గీత ఒక్కసారిగా ఎగిరింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం మనకు తెలిసిందే. అమెరికా ప్రభుత్వం ఆ భుజాల దగ్గర వైర్లు తగిలించి, అబద్ధాలు పట్టే ఆ పరీక్షకు పాలిగ్రాఫ్ అని పేరు పెట్టింది. ఛాతీకి రెండు పట్టీలు, చేతికి బీపీ కట్టు, వేళ్లకు క్లిప్పులు. సరిహద్దు తనిఖీ ఆఫీసర్ కావాలని రెండేళ్లుగా తపిస్తూ, రాతపరీక్ష, పరుగు, మెడికల్ అన్నీ గట్టెక్కిన ఇరవై మూడేళ్ల పిల్ల ఈ కుర్చీలో ఇరుక్కుపోయింది. డ్రగ్స్ అన్నాడు, దొంగతనం అన్నాడు, గీత బుద్ధిగా నడిచింది. ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఎగురుతోంది. అడిగిన ప్రతిసారీ అనిక చెవిలో ఓ ఆడమనిషి గొంతు "తిన్నాడామ్మా?" అంటోంది.

"మనసులో ఏదో ఉంచుకున్నావు. రేపు పదింటికి రా, ఇంకొక్క అవకాశం. ఆలస్యమైతే ఫైలు మూసేస్తాం," అన్నాడాయన మర్యాదగానే.

ఆ గొంతు నెల్లూరులో ఉండే వసుమతిది. ఆమె కొడుకు వినీత్ ఎమ్మెస్ చదువుతూ డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో అనిక వాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాడు. తొమ్మిదేళ్ల కిందట, 2003 జనవరిలో, మంచుకు కారు జారి ఫ్రీవే మీదే పోయాడు. ఆ సాయంత్రం చుట్టుపక్కల తెలుగువాళ్లంతా హాల్లో చేరి, మనవాళ్లు ఎప్పుడూ చేసే నిర్ణయమే చేశారు. తల్లికి ఇప్పుడే చెప్పొద్దు, గుండె ఆగిపోతుంది. కాలు విరిగి హాస్పిటల్లో ఉన్నాడందాం. శవం ఊరు చేరేలోగా ఆమె తమ్ముడు మెల్లగా చెబుతాడు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నవాళ్లం, చావుకు ఒక్కటి ఆడలేమా! తీరా ఫోన్ మోగితే తీయడానికి ఒక్క పెద్దమనిషికీ ధైర్యం లేదు. తీసుకెళ్లి పద్నాలుగేళ్ల అనిక చేతిలో పెట్టారు. వచ్చీరాని తెలుగు, అనుమానం రాదట. సిగ్గుండాలి.

ఆరు రోజులు అక్కడ తెల్లవారగానే ఇక్కడ ఫోన్ మోగేది.

"ఎట్టుండాడమ్మా వినీత్? తిన్నాడా?"

"తిన్నాడు ఆంటీ."

"ఏం తిన్నాడు?"

"రైస్. పప్పు. ఇప్పుడు నిద్రపోతున్నాడు."

పెట్టేశాక అనిక బేస్‌మెంట్ మెట్ల దగ్గర నిలబడేది. తను చెప్పినందుకు నిజంగానే కింద ఎవరో పడుకుని ఉన్నారేమోనని భయం. ఇప్పటికీ ఆ మెట్లు ఒంటరిగా దిగదు. కంచం ముందు కూర్చుంటే చాలు, ఆ గొంతు పలుకుతుంది.

ఇంటికొచ్చి తల్లి రేణుతో అంది: "ఆంటీకి కాల్ చేసి ట్రూత్ చెప్పేస్తా మమ్మీ. అప్పుడు నేను కామ్‌గా ఉంటా. పాస్ అవుతా."

"పుండు మీద కారం చల్లకే. ఆరు రోజులు బతికి హాస్పిటల్లో పోయాడనే ఆవిడ అనుకుంటోంది. నీ జాబ్ కోసం ఆవిడని ఏడిపిస్తావా?"

"నాకు ఆ ఫోన్ ఇచ్చింది నువ్వే కదా?"

రేణు లేచి లోపలికెళ్లింది. పాత డైరీ తెచ్చి నంబరు చూపించింది.

మర్నాడు తొమ్మిదిన్నరకు, డెట్రాయిట్‌లో ఆ ఆఫీసు పార్కింగ్‌లో, కారులో కూర్చునే అనిక ఫోన్ చేసింది. కంఠతా పెట్టుకున్నది ఆగకుండా చెప్పేసింది. "ఆంటీ, నేను అనిక. అప్పుడు నేను మీకు అబద్ధం చెప్పాను. వినీత్ అన్న అప్పటికే లేడు. ఏమీ తినలేదు. సారీ ఆంటీ."

ఏడుస్తుందనో తిడుతుందనో ఎదురుచూసింది.

"తెలుసు కదమ్మా," అంది వసుమతి. "రెండో రోజే మా తమ్ముడు చెప్పేశాడు."

"మరి మళ్లీ ఎందుకు కాల్ చేశారు?"

"అందరూ పోయాడు పోయాడు అంటా ఉంటే, నువ్వొక్కదానివే తిన్నాడంటివి. ఆ మాట ఇన్నాకే నేనూ రెండు ముద్దలు తినేదాన్ని. పసిబిడ్డతో అట్టా చెప్పించుకున్నా, నాదీ తప్పే తల్లీ."

అనికకు ఏడుపు ఆగలేదు. తొమ్మిదేళ్ల బరువు దిగిపోయింది. గడియారం చూస్తే పదికి పది నిమిషాలు. ఇప్పుడు లోపలికెళ్తే ఆ గీత ఎగరదని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది.

"థాంక్స్ ఆంటీ. నాకు ఇంటర్వ్యూ ఉంది, వెళ్లాలి."

"పెట్టెయ్యబాకమ్మా. ఒక్కసారి చెప్పవా?"

ఏం చెప్పాలో అడగనక్కర్లేకపోయింది. ఇప్పుడు ఆ మాట అంటే, ఇంకాసేపట్లో అదే కుర్చీలో అదే ప్రశ్నకు ఏమనాలి? ఫోన్ కట్టేస్తే సరిపోతుంది. సిగ్నల్ పోయిందనుకుంటుంది పాపం. అవతల ఆమె ఊపిరి వినిపిస్తోంది.

"తిన్నాడామ్మా?"

"తిన్నాడు ఆంటీ."

"ఏం తిన్నాడు?"

"వంకాయ కూర. పెరుగు. రెండుసార్లు వేయించుకున్నాడు."

"చన్నీళ్లు తాగబాకని చెప్పు. జలుబు చేస్తది."

"చెప్తాను ఆంటీ."

అలా ఆమె అడుగుతూ, తను చెబుతూ ఉండగానే పది దాటి ఏడు నిమిషాలైంది. ఉద్యోగం పోయిందని అనికకు తెలుసు. సీటు వెనక్కి జరుపుకుని ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"ఇప్పుడేం చేస్తా ఉండాడు?" అంది వసుమతి.

"నా పక్కనే కూర్చున్నాడు ఆంటీ," అంది అనిక. పక్క సీటు వైపు తిరిగి చూడలేదు.