పొలాల మీదుగా కువైట్

కువైట్‌లో పని ఇప్పిస్తానని దానయ్యను తీసుకెళ్లి మాయం చేసింది ఏజెంటు కోటిలింగం. వాడు నమ్మకస్తుడని పూచీపడింది మన ఊరి పెద్దలైన మీరు. ఈ మాట మీ ముఖం మీదే అంటాను.

మూడు నెలలుగా మొగుడు దానయ్య కబురు లేక ఆదెమ్మ నన్ను వెంటబెట్టుకుని పర్చూరులో కోటిలింగం ఆఫీసుకు వెళ్లింది.

“బొంబాయి నుంచి కువైట్‌కి నేనే పక్కన కూర్చుని తీసుకెళ్లానమ్మా. గంటలో దిగాం” అన్నాడు.

“గంటేనా? అక్కడ పనిచేసొచ్చిన మా జయరావన్నకు నాలుగు గంటలు పట్టిందంటండి.”

“అది పాత విమానం. బస్సుల్లో ఎక్స్‌ప్రెస్ లేదూ?”

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆదెమ్మ నవ్వలేదు.

“కిటికీలోంచి కింద ఏం కనపడిందండీ?”

“ఏముంటాయి? దారి పొడుగునా మన పత్తిచేలలాంటి పొలాలే.”

“దారంతా సముద్రమేనంట. ఆ నీళ్లు చూసి భయమేసి మా అన్న కళ్లు మూసుకున్నాడంట. మా ఆయన్ని ఎక్కడ దించావురా?”

నవ్వులు ఆగిపోయాయి. కోటిలింగం చెప్పులు వెతుక్కున్నాడు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

పెద్దల్లారా, వీణ్ణి పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాం. ఇవాళే అక్కడికి రండి. దానయ్య ఎక్కడున్నాడో వీడి నోటితో చెప్పించండి. మనిషి ఇల్లు చేరేదాకా వీణ్ణి విడిపించే మాట ఎత్తకండి.