షేడ్ కలవని మాత్ర

ఒక్క మాట పూర్తి చేయడానికి పెద్దాయన మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"ఎన్ని తలగడలు పెట్టుకుని పడుకుంటున్నారు?" అడిగింది డాక్టరమ్మ.

"ఒకటే."

"మూడు," అంది గుమ్మం దగ్గరున్న కోడలు. "నిన్నయితే కుర్చీలోనే తెల్లవార్చారు."

ఆయన కోడలి వైపు చూడలేదు. డాక్టరమ్మకు అదే నచ్చలేదు.

గుండె జబ్బు పాతదే. ఈసీజీలో కొత్త మార్పు లేదు, జ్వరం లేదు. కానీ మెడ నరం ఉబ్బి ఉంది. వీపు మీద స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తుల అడుగున చిటపటలు. కాలి మీద నొక్కితే పడ్డ గుంట పూడలేదు. పది రోజుల్లో నాలుగు కిలోలు పెరిగాడు. అదంతా నీరే.

"నీరు తీసే మాత్ర ఇస్తున్నావా అమ్మా?"

"రోజూ నా చేత్తోనే." కోడలు ఖాళీ స్ట్రిప్ చూపించింది. పదీ అయిపోయాయి.

ఆ ఒళ్లు మాత్ర పడిన ఒళ్లులా లేదు. డాక్టరమ్మ రక్తం తీసి, గొట్టాన్ని ల్యాబ్‌లో ఇచ్చి రమ్మని కోడలిని పంపింది. తలుపు మూసింది.

"ఇప్పుడు చెప్పండి."

పెద్దాయన జేబులోంచి పొట్లం తీశాడు. పది తెల్ల మాత్రలు. పక్కన పాత స్ట్రిప్ ముక్కలో ఒక పసుపు మాత్ర.

"కోడలు మందు మార్చేసిందమ్మా. ముప్పై ఏళ్లు రంగుల ఫ్యాక్టరీలో షేడ్ చూశాను. నమూనాతో కలవని సరుకు గేటు దాటనివ్వలేదు. ఇవి మింగకుండా అరచేతిలోనే దాచేశాను."

డాక్టరమ్మ కోడలి ఖాళీ స్ట్రిప్‌నూ పాత ముక్కనూ ఆయన కళ్ల ముందు పెట్టింది. "చదవండి. మందు అదే, మోతాదు అదే. కంపెనీ మారింది, అంతే."

ఆయన రెండుసార్లు చదివాడు. "మీరిద్దరూ ముందే మాట్లాడుకున్నారా?"

"మీకు ఊపిరి ఆగిపోతోంది తాతగారూ. పోట్లాట తర్వాత పెట్టుకుందాం." ఆమె ఇంజెక్షన్ సిరంజిలోకి ఎక్కించింది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూపించమన్నాడు. నీళ్లలా ఉంది.

"దీనికి షేడే లేదు," అని గొణిగి చెయ్యి చాపాడు.

తిరిగొచ్చిన కోడలు బల్ల మీది మాత్రలు చూసింది. వేలితో లెక్కపెట్టింది. పదీ ఉన్నాయి.

సాయంత్రానికి నీరు దిగింది, ఆయాసం తగ్గింది.

"అమ్మాయీ, ఆ పసుపువి ఇక దొరకవా?" ఎక్కడా ఆగకుండా అడిగాడు.

"మూడు షాపులు తిరిగాను మామయ్యా. లేవు." తెల్ల మాత్ర ఆయన చేతిలో పెట్టింది. మింగాడు.

"ఇప్పుడు రెండు చేతులూ చూపించండి," అంది కోడలు. "నోరు కూడా."