దొరగారి పొట్ట

మా కుక్క పేరు దొర. పేరుకే దొర, ఎవరైనా గట్టిగా తుమ్మితే సోఫా కిందికి దూరిపోతుంది. ఈమధ్య తిన్నదల్లా కక్కేస్తోంది. అదీ ఎక్కడో కాదు, హాల్లో నాన్న ముచ్చటపడి కొన్న తివాచీ మీద.

"ఇంకొక్కసారి తివాచీ పాడైందో, దీన్ని మా ఫ్యాక్టరీ వాచ్‌మన్‌కి ఇచ్చేస్తాను" అన్నాడు నాన్న.

"ఇవ్వు చూద్దాం" అంది అత్తయ్య. ఆవిడ నాన్నకి అక్క. దొరని అపురూపంగా పెంచింది ఆవిడే.

మాటకి మాట పెరిగింది. గొడవ టీవీ రిమోట్ మీదికి, అక్కణ్ణించి చిన్నప్పుడు విరిగిన సైకిల్ మీదికి పోయింది. నేను మూలన కూర్చుని దొరనే చూస్తున్నాను. సైకిల్ దగ్గరికి వచ్చేసరికి దాని చెవులు వెనక్కి పోయాయి, పొట్ట బిగుసుకుంది. గబుక్కున ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తాను. తివాచీ బతికిపోయింది.

చూసింది చూసినట్టు పశువుల డాక్టరుకి చెప్పాను. ఆయన దొర పొట్ట నొక్కి చూసి నవ్వాడు.

"మెదడూ పొట్టా ఒకే ఇంట్లో తోడికోడళ్ళమ్మా. పైనావిడ హడలిపోయి గిన్నె జారవిడిస్తే, కిందావిడ పొయ్యార్పేసి కూర్చుంటుంది. మందిస్తాను గానీ, ఇంట్లో ఎవరూ అరవకూడదు."

అరవకుండా ఉండగలరు. పోట్లాడకుండా ఎలా ఉంటారు? ఆ రోజు నుంచి ఇద్దరూ జోలపాట గొంతుతో పోట్లాడుకోవడం మొదలుపెట్టారు.

"ఒరేయ్ చిట్టి నాన్నా, నీ బుర్రలో ఉన్నది ఊకేరా" అని అత్తయ్య ఊగుతూ అనేది.

"మా అక్క బంగారం, ఆ నోటికి తాళం వెయ్యా" అని నాన్న చిటికెలు వేసేవాడు.

ఈ ముద్దులన్నీ తనకే అనుకుని దొర తోక ఊపేది. పెట్టిందల్లా తిని పీపాలా తయారైంది. "మీ ఇంట్లో పసిపాప ఉందా?" అని పక్కింటావిడ అడిగింది కూడా.

ఒకరోజు డాక్టరు ఇంటికొచ్చాడు. దొర తివాచీ నడుమ వెల్లకిలా పడి గురక పెడుతోంది.

"పూర్తిగా నయమైపోయిందండీ" అన్నాడు.

"నయమైపోయిందా!" నాన్న ఆనందం పట్టలేక ఇల్లెగిరిపోయేలా కేక పెట్టాడు.

దొర ఉలిక్కిపడి లేచింది. చెవులు వెనక్కి పోయాయి. నేను అందుకునేలోపే పొద్దున తిన్నదంతా తివాచీ మీదికి వచ్చేసింది.

అత్తయ్య తమ్ముడి భుజం మీద చెయ్యేసి, జోలపాట గొంతుతోనే అడిగింది.

"చిన్ని నాన్నా, వాచ్‌మన్ దగ్గరికి ఎవర్ని పంపిద్దాంరా? కక్కినవాణ్ణా, కక్కించినవాణ్ణా?"

దొర సోఫా కింద నుంచి నాన్న వంకే బిక్కుబిక్కుమని చూస్తోంది. నాన్న నిట్టూర్చి, వంగి, తివాచీ చుట్టడం మొదలుపెట్టాడు.

"నా తివాచీ తల్లీ, అటకెక్కి పడుకో తల్లీ" అని సన్నగా పాడాడు.

సోఫా కింద తోక మెల్లగా కదిలింది.